కారు స్లోలో నిలవట్లేదు, కార్బురేటర్ మార్చేయాలా?

పేరు రాయవద్దన్న ఒక పాఠకురాలి ఉత్తరం ఇది. నాలుగు పేజీలుంది, కుదించి చెబుతాను.

చూపు మందగించి నాన్నగారు డ్రైవింగ్ మానేశాక ఆయన పాత కారు ఈవిడ చేతికి వచ్చింది. నాలుగు సిలిండర్ల పెట్రోల్ బండి, కార్బురేటర్‌ది (పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజన్‌కి అందించే భాగం అది), చల్లటి ఇంజన్ స్టార్ట్ అవడానికి గాలి తగ్గించే చోక్ చేత్తో లాగేది. ఈవిడ తీసుకునే ముందు కొన్ని నెలలు కదలకుండా పడి ఉంది. పొద్దున చోక్ లాగితే వెంటనే స్టార్ట్ అవుతుంది. ఇంజన్ వేడెక్కి చోక్ లోపలికి నెట్టాక గొడవ మొదలు. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తే ఇంజన్ రెండు మూడుసార్లు ఊగి ఆగిపోతుంది. చోక్ కాస్త లాగి ఉంచితే నిలుస్తుంది. రోడ్డు మీద వేగంగా వెళ్ళేటప్పుడు ఏ ఇబ్బందీ లేదు.

మొదటి మెకానిక్ స్క్రూ తిప్పి స్లో, అంటే కాలు తీసినప్పుడు ఇంజన్ తిరిగే వేగం, పెంచాడు. అప్పట్నుంచి ఇంజన్ హోరెత్తుతోంది. తాళం తీసేసినా కాసేపు దగ్గుతూ తిరిగి, ఆ తర్వాత ఆగుతోంది. రెండో మెకానిక్ కార్బురేటర్ విప్పి కడిగితే వారం రోజులు హాయిగా నడిచి మళ్ళీ మొదటికొచ్చింది. ఇంకోసారి కడిగించారు, మళ్ళీ అదే కథ. మూడో ఆయన చూసి, కార్బురేటర్ అయిపోయింది, కొత్తది వేయాల్సిందే అన్నాడు. ఇంట్లో భర్త బండి అమ్మేయమంటున్నారు. అన్నయ్య ఫ్యూయల్ ఇంజక్షన్ పెట్టించమంటున్నాడు. నాన్నగారేమో ఒక్క స్క్రూ తిప్పితే పోయేదానికి ఇంత రాద్ధాంతమా అని అలుగుతున్నారు. "మెకానిక్ ఏం చెబితే దానికి తల ఊపి రావడం తప్ప నాకేం తెలియదు. సిగ్నల్ దగ్గర బండి ఆగిపోతే వెనకవాళ్ళ హారన్లకి చెమటలు పడుతున్నాయి. వచ్చే నెల నాన్నని తీసుకుని దూరం వెళ్ళాలి. ఈ బండిలో వెళ్ళొచ్చా? కార్బురేటర్ మార్చాలా, బండే మార్చాలా?" అని అడిగారు.

మీరు ఒక్క వాక్యంలో చెప్పి దాటేసిన విషయం నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది. కడిగిన ప్రతిసారీ బండి కొన్ని రోజులు బాగా నడిచింది. కార్బురేటర్ నిజంగా అరిగిపోయి ఉంటే కడిగినంత మాత్రాన బాగుపడదు, అరిగిపోయిన లోహం తిరిగి రాదు కదా. లోపం నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గుల్లోనో పాయింట్లలోనో, వాల్వులు తెరిచే టాపెట్లలోనో ఉంటే కూడా కార్బురేటర్ కడగడం వల్ల వారం రోజుల సుఖం దొరకదు. అంటే విప్పి, కడిగి, మళ్ళీ బిగించే ఆ పనిలోనే ఏదో ఒకటి మీ బండి జబ్బుని తాత్కాలికంగా తగ్గిస్తోంది. ఆ ఏదో ఒకటి తేలేదాకా కొత్త కార్బురేటర్ కొనకండి. కొన్నా, వారం తర్వాత అదీ ఇలాగే మొరాయించే ప్రమాదం ఉంది.

మీరు కాలు తీసినప్పుడు లోపల ఏం జరుగుతుందో తెలిస్తే మెకానిక్ ముందు తల ఊపాల్సిన అవసరం సగం తగ్గుతుంది. కాలు తీయగానే కార్బురేటర్ గొట్టంలోని థ్రాటిల్ రేకు దాదాపుగా మూసుకుంటుంది. రేకు పైన గాలి పెద్దగా కదలదు, కాబట్టి మెయిన్ జెట్ (వేగంగా వెళ్ళేటప్పుడు పెట్రోల్ వదిలే రంధ్రం) వైపు నుంచి పెట్రోల్ రాదు. రేకు కింద మాత్రం ఇంజన్ గట్టిగా పీలుస్తుంటుంది. ఆ పీల్పుకి రేకు కింద ఉన్న చిన్న రంధ్రం నుంచి, గాలితో కలిసి, కొద్దిగా పెట్రోల్ వస్తుంది. ఇంజన్ స్లోలో నిలిచేది దానితోనే. ఆ దారిలో పెట్రోల్‌ని కొలిచి వదిలేది స్లో జెట్. చాలా కార్బురేటర్లలో దాని రంధ్రం అర మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉంటుంది. మెయిన్ జెట్ రంధ్రం దానికి రెట్టింపో, ఇంకా పెద్దదో. మెయిన్ జెట్‌లోంచి జారిపోయే నలక స్లో జెట్‌లో ఇరుక్కుంటుంది. వేగంలో బాగుండి స్లోలో చచ్చిపోయే బండిలో ముందు అనుమానించాల్సింది ఈ దారినే.

మీ బండి విషయంలో నా అనుమానం మూడు చోట్ల ఉంది.

మొదటిది, స్లో జెట్‌లోకి మళ్ళీ మళ్ళీ చెత్త చేరడం. కార్బురేటర్ కడిగారు సరే, అందులోకి చెత్త వచ్చే దారి ఎవరైనా చూశారా? నెలల తరబడి నిలవున్న బండిలో పెట్రోల్ ఆవిరైపోయి, మిగిలింది జిగురులా మారుతుంది. ట్యాంకు ఖాళీగా ఉన్న మేర లోపల తుప్పు పడుతుంది. పైగా ఇథనాల్ కలిపిన పెట్రోల్ పాత రబ్బరు పైపులకి పడదు. పైపు బయటికి బాగానే కనిపిస్తుంది, లోపల గోడ మెత్తబడి పొడిలా రాలుతుంది. ఆ పెట్రోల్ ట్యాంకులో పాతుకుపోయిన మురికిని కూడా కదిలిస్తుంది. ఫిల్టర్ తర్వాత ఉన్న పైపు ముక్క రాలుతుంటే ఫిల్టర్ ఎంత కొత్తదైనా లాభం లేదు.

రెండోది, గాలి లాగడం. కార్బురేటర్ విప్పినప్పుడు కింద ప్యాకింగ్ కొత్తది వేస్తారు, నట్లు బిగిస్తారు. నాలుగు రోజులు వేడెక్కి చల్లారాక ప్యాకింగ్ నొక్కుకుపోయి నట్లు వదులైతే, ఆ సందులోంచి లెక్కలో లేని గాలి ఇంజన్‌లోకి పోతుంది. కార్బురేటర్ కింద ఉండే మందపాటి ఇన్సులేటర్ దిమ్మ వంగినా, పగిలినా అంతే. బ్రేక్ బూస్టర్‌కి (ఇంజన్ పీల్పుతో బ్రేక్ తొక్కడం తేలిక చేసే భాగం), ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌కి, ఇంజన్ ఆవిరి లాగే వాల్వుకి వెళ్ళే వాక్యూమ్ (పీల్పు) పైపులు కూడా ఇదే లెక్కలోకి వస్తాయి. పాత పైపు ఒకసారి పీకి పెడితే కొస చీలిపోవడం మామూలే.

మూడోది చిన్నదే గానీ చాలామంది మర్చిపోతారు. కొన్ని కార్బురేటర్లకి స్లో జెట్ దగ్గర ఒక సోలినాయిడ్ (కరెంటుతో పనిచేసే వాల్వు) ఉంటుంది, బొటనవేలంత, ఒకే ఒక్క వైరుతో. తాళం ఆన్ చేస్తే తెరుచుకుని స్లో పెట్రోల్ వదులుతుంది, ఆఫ్ చేస్తే మూసేస్తుంది. దాని వైరు వదులైతే బండి లక్షణాలు అచ్చం మీరు రాసినట్టే ఉంటాయి. కార్బురేటర్ బిగించేటప్పుడు ఆ వైరు గట్టిగా తొడుగుతారు, గతుకుల్లో అది మళ్ళీ వదులవుతుంది. మీ కార్బురేటర్‌కి అది ఉందో లేదో చూడండి. ఉంటే, పెట్రోల్ కారడం గానీ వాసన గానీ లేదని చూసుకుని, ఇంజన్ స్టార్ట్ చేయకుండా తాళం ఆన్‌లో పెట్టి ఆ వైరు పీకి మళ్ళీ తగిలించండి. టిక్కుమని శబ్దం రావాలి. రాకపోతే వైరులో కరెంటు లేదు, లేదా సోలినాయిడ్ పోయింది. నిమిషం పని కాబట్టి దీనితోనే మొదలుపెట్టండి.

చోక్ లాగితే నిలుస్తోంది కాబట్టి పెట్రోల్ తక్కువవుతోందని ఒక మెకానిక్ అన్నాడని రాశారు. అది మంచి సూచనే, పూర్తి రుజువు మాత్రం కాదు. చోక్ లాగినప్పుడు గాలి తగ్గడంతో పాటు ఒక చిన్న లింకు థ్రాటిల్ రేకుని కూడా కాస్త తెరుస్తుంది. బండి నిలిచింది దేనివల్లో తెలియదు. తేల్చుకోవాలంటే ఎయిర్ ఫిల్టర్ తీసి, ఇంజన్ తిరుగుతుండగా కార్బురేటర్ నోటిని ఒక అట్టముక్కతో కొద్దికొద్దిగా కప్పి చూడమనండి. ఇంజన్ వేగం పెరిగి నిలకడగా తిరిగితే పెట్రోల్ తక్కువే, లేదా గాలి ఎక్కువే. ముక్కుతూ మూలిగితే కారణం వేరు. అరచేయి పెట్టనివ్వకండి, ఒక్కోసారి కార్బురేటర్‌లోంచి మంట ఎగదన్నుతుంది.

మొదటి మెకానిక్ స్లో పెంచడం జ్వరం తగ్గలేదని థర్మామీటర్‌ని చల్లనీళ్ళలో ముంచడం లాంటిది. ఆ స్క్రూ థ్రాటిల్ రేకుని తెరిచి ఉంచుతుంది. రేకు తెరుచుకుంటే దాని అంచు దగ్గరున్న వేరే రంధ్రాల నుంచి, ఒక్కోసారి మెయిన్ జెట్ వైపు నుంచి కూడా పెట్రోల్ రావడం మొదలవుతుంది. స్లో దారి మూసుకుపోయి ఉన్నా ఇంజన్ తిరుగుతుంది కాబట్టి లోపం కప్పబడిపోతుంది. తాళం తీశాక దగ్గుతూ తిరగడం కూడా దీని ఫలితమే అయ్యుండొచ్చు. రేకు తెరిచి ఉండటంతో ఆపేశాక కూడా గాలీ పెట్రోలూ లోపలికి పోతున్నాయి, సిలిండర్లో ఎర్రగా కాలిన మసి వాటిని అంటిస్తోంది. పెట్రోల్ తక్కువైన మిశ్రమం ఆ వేడిని ఇంకా పెంచుతుంది. అందుకని ఏ పరీక్ష చేసినా ముందు ఆ స్క్రూని వెనక్కి తిప్పించండి. దాన్ని అలాగే ఉంచి చేసే ట్యూనింగ్ అంతా వృథా.

ఇప్పుడు అసలు పరీక్ష. స్లో స్క్రూ కాక ఇంకోటి ఉంటుంది, మిక్స్చర్ స్క్రూ. స్లో దారిలో వచ్చే పెట్రోల్‌ని ఎక్కువ తక్కువ చేసేది ఇదే. ఇంజన్ పూర్తిగా వేడెక్కాక, ఎయిర్ ఫిల్టర్ పెట్టి ఉంచి, చోక్ పూర్తిగా లోపలికి నెట్టి, లైట్లూ ఏసీ ఆపేసి, దీన్ని మెల్లగా లోపలికి తిప్పాలి. ఆరోగ్యంగా ఉన్న కార్బురేటర్లో ఇంజన్ తడబడి ఆగిపోబోతుంది. బయటికి తిప్పుతూ వస్తే వేగం పెరిగి ఒకచోట నిలకడగా ఉంటుంది. ఇంకా బయటికి తిప్పితే బరువుగా, వికారంగా తిరుగుతుంది. ఈ తేడాలు స్పష్టంగా వినిపిస్తే స్లో దారి పనిచేస్తోందన్నమాట. ఎంత తిప్పినా ఇంజన్‌కి చీమ కుట్టినట్టయినా లేకపోతే స్లో దారి మూసుకుపోయింది, లేదా రేకు ఇంకా ఎక్కువ తెరిచే ఉంది. చాలా బయటికి తిప్పితే గానీ నిలవకపోతే గాలి లాగుతోందేమో చూడాలి. కార్బురేటర్ చెడిపోయిందని చెప్పిన మూడో మెకానిక్ ఈ స్క్రూ తిప్పి చూశాడా లేదా అన్నదే నేను ఆయన్ని అడిగే ఒకే ఒక్క ప్రశ్న.

ఈ స్క్రూతో ఒక జాగ్రత్త ఉంది. లోపల ఆనేదాకా వేళ్ళతో తిప్పినట్టు మెల్లగా తిప్పాలి. బిగిస్తే సూదిలాంటి కొసకి గాడి పడుతుంది, ఆ తర్వాత ఎప్పటికీ సరిగ్గా ట్యూన్ కాదు. ఆనేదాకా ఎన్ని చుట్లు పట్టిందో ముందే లెక్కపెట్టి రాసుకోండి. అన్నీ విప్పి బిగించాక చాలావాటికి ఆ ఆనిన చోటు నుంచి ఒకటిన్నర, రెండు చుట్లు బయటికి తిప్పి మొదలుపెడతారు. కొన్ని కార్బురేటర్లలో ఈ స్క్రూ గాలిని తగ్గిస్తుంది, వాటిలో తిప్పే దిశ తారుమారు. కొన్నిటికి కంపెనీ వేసిన మూత ఉంటుంది. మీదేదో మాన్యువల్‌లో ఉంటుంది, నాన్నగారి దగ్గర ఆ పుస్తకం తప్పకుండా ఉంటుందని నా నమ్మకం.

గాలి లాగుతోందా అన్నది చూడటానికి మెకానిక్‌లు కార్బ్ క్లీనర్‌ని ప్యాకింగుల చుట్టూ చిమ్ముతారు. చిమ్మిన చోట ఇంజన్ వేగం మారితే అక్కడే సందు ఉన్నట్టు. పద్ధతి మంచిదే గానీ చాలా బళ్ళలో కాలే ఎగ్జాస్ట్ గొట్టం కార్బురేటర్‌కి బెత్తెడు దూరంలోనే ఉంటుంది. మీరు సొంతంగా చేస్తే క్లీనర్ జోలికి పోకుండా సబ్బునీళ్ళు చిలకరించండి, వాక్యూమ్ పైపులను ఒక్కొక్కటిగా నొక్కి పట్టి చూడండి. ఏ పైపు నొక్కితే ఇంజన్ కుదురుకుంటుందో అదే దొంగ. ఇంజన్ తిరుగుతుండగా బ్రేక్ గట్టిగా తొక్కి పట్టి ఉంచితే వేగం మారి అలాగే ఉండిపోయిందంటే బూస్టర్ లోపలి పొర చిరిగి ఉండొచ్చు. ఇవేవీ మూసిన షెడ్డులో చేయకండి, పొగలోని కార్బన్ మోనాక్సైడ్ వాసన కూడా తెలియనివ్వదు.

ఇక మెకానిక్ దగ్గర ఏం చెప్పాలి? "కడగండి" అని చెప్పకండి. "ఫ్లోట్ గిన్నె విప్పేటప్పుడు నన్ను పిలవండి, అడుగున ఏముందో నేను చూడాలి" అనండి. కార్బురేటర్‌లో పెట్రోల్ నిలవుండే గిన్నె అది. అందులో మిగిలిన పెట్రోల్‌ని తెల్లగుడ్డలో వడకట్టించండి. ఎర్రటి పొడి ఉంటే ట్యాంకు తుప్పు. నల్లటి మెత్తటి రేణువులుంటే రబ్బరు పైపు. అడుగున నీటిచుక్కలూ తెల్లటి బూజులాంటిదీ ఉంటే నీళ్ళు చేరుతున్నాయి. ఏమీ లేకుండా శుభ్రంగా ఉంటే చెత్త కథ పక్కనపెట్టి ప్యాకింగుల మీదా సోలినాయిడ్ మీదా దృష్టి పెట్టొచ్చు. స్లో జెట్‌ని తీగతో గుచ్చనివ్వకండి, రంధ్రం పెద్దదైపోతే ఆ జెట్ ఇక పనికిరాదు. క్లీనర్, గాలి ఒత్తిడి చాలు.

ఇప్పుడు మీ ముందున్న దారులు. కారణం ఫలానా అని తేలాక దాన్ని మాత్రమే బాగుచేయించడం అన్నిటికంటే చవక. ట్యాంకు కడిగించడం, పెట్రోల్ పైపులన్నీ ఇథనాల్ తట్టుకునే రకంతో మార్చడం, కొత్త ఫిల్టర్, కొత్త ప్యాకింగు. ఇబ్బందల్లా బండిని పూర్తిగా వదిలిపెట్టాలి, ఒక్కో అనుమానాన్నీ విడివిడిగా చూసే ఓపిక మెకానిక్‌కి ఉండాలి. హడావిడిలో అన్నీ ఒకేసారి మార్చేస్తే బండి బాగుపడుతుంది గానీ ఏది కారణమో ఎవరికీ తెలియదు.

రెండోది కార్బురేటర్‌ని కిట్‌తో (కొత్త ప్యాకింగులూ చిన్న భాగాలూ ఉన్న పెట్టె) ఓవర్‌హాల్ చేయించడం, అంటే పూర్తిగా విప్పి బాగుచేయించడం. థ్రాటిల్ రేకు షాఫ్ట్‌ని పట్టుకుని అటూ ఇటూ కదిపినప్పుడు వదులు బాగా తెలుస్తుంటే ఇది అవసరమే. అప్పుడు కిట్ ఒక్కటే సరిపోదు, షాఫ్ట్‌కి బుష్‌లు (అరిగిన చోట వేసే చిన్న గొట్టాలు) వేయించాలి. చాలామంది కిట్ వేసి బుష్ వదిలేస్తారు, ఆ ఖర్చు మట్టిలో కలిసినట్టే.

కొత్త కార్బురేటర్ వేయించుకున్నా తప్పేమీ లేదు, పాతదాని బాడీ వంగిందనో పగిలిందనో కళ్ళతో చూసి నిర్ధారించుకున్నాక. కాపీ సరుకులో జెట్ల కొలతలు మీ ఇంజన్‌కి సరిపోకపోవచ్చు. పాత జెట్ల మీద అంకెలుంటాయి, వాటితో పోల్చి చూసుకోండి. పాతదాన్ని మాత్రం పారేయకండి, మెకానిక్‌కీ వదిలేయకండి.

అన్నయ్య చెప్పిన ఇంజక్షన్ మంచి ఆలోచనలా వినిపిస్తుంది. దానికి కావలసిన పంపు ఒత్తిడి కార్బురేటర్‌కి అందేదానికి సుమారు పది రెట్లు. పంపు, పైపులు, సెన్సార్లు, కంప్యూటరు, వైరింగు అన్నీ కొత్తవి. ట్యాంకులో తుప్పే అసలు దోషమైతే ఇంజక్టర్ దాన్ని జెట్ కంటే ఇంకా తక్కువ సహిస్తుంది. బండిని ఇష్టంగా పెంచుకుంటూ ఏళ్ళ తరబడి ఉంచుకునేవాళ్ళ పని అది, వచ్చే నెల ప్రయాణానికి పరిష్కారం కాదు.

అమ్మేయడం మీ ఇంటి నిర్ణయం. ఈ ఒక్క లోపం కారణంగా అమ్మితే బేరంలో నష్టపోయేది మీరే. కొనేవాడు కూడా పది నిమిషాలు స్టార్ట్ చేసి ఉంచి చూస్తాడు కదా.

నాన్నగారితో వాదన పెట్టుకోకండి. స్లో దారి శుభ్రంగా ఉన్న రోజుల్లో ఆయన చెప్పినట్టు ఒక్క స్క్రూతోనే సరిపోయి ఉంటుంది. మిక్స్చర్ స్క్రూ ఎన్ని చుట్ల మీద ఉంచేవారో, ఆ బండికి ఇదివరకు ఎప్పుడైనా ఇలా అయిందేమో అడిగి చూడండి. చివరి ట్యూనింగ్ రోజున ఆయన్ని వెంట తీసుకెళ్ళండి. ఆ పని చెవితో చేసేదే, ఆ ఇంజన్ శబ్దం ఆయనకి తెలిసినంతగా ఏ మెకానిక్‌కీ తెలియదు.

దూరప్రయాణం గురించి మాత్రం గట్టిగానే చెబుతాను. ఇంజన్ కాలు తీస్తే ఆగిపోయే స్థితిలో ఉండగా ఆ బండిలో వెళ్ళకండి. బాగైందనుకున్నాక కూడా వెంటనే బయల్దేరకండి, కడిగించాక మునుపు నడిచిన వారం కంటే ఎక్కువ రోజులు రోజువారీ పనుల్లో తిప్పి, స్లోలో నిలుస్తోందని తేల్చుకోండి. ఈలోగా ఎప్పుడైనా బండి కదులుతుండగా ఇంజన్ ఆగిపోతే బ్రేక్ బూస్టర్‌లో మిగిలే పీల్పు ఒకటి రెండు తొక్కుళ్ళకే సరిపోతుంది, ఆ తర్వాత పెడల్ రాయిలా అవుతుంది. కంగారులో పదే పదే తొక్కి దాన్ని ఖర్చు చేసుకోకండి. ఒకేసారి గట్టిగా తొక్కి పట్టి, బండిని పక్కకి తీసి ఆపండి. అది పూర్తిగా ఆగేదాకా తాళం బయటికి లాగకండి, స్టీరింగ్ లాక్ పడుతుంది.